రెండో డిస్కు కనిపించిన రోజులు

మార్చి 3, మంగళవారం

సర్వర్ గది రిజిస్టరులో ఇలా రాశాను: "ఉదయం 7.40కి కరెంటు పోయి వచ్చింది. పాత సర్వరు లేవలేదు. పరిశీలిస్తున్నాను." రిజిస్టరు పదిమంది చూసేది. మిగతాది రాసుకోవడానికి ఈ పుస్తకం తీశాను.

పాత సర్వర్లో మా ఆవిడ బావులున్నాయి. నలభై మూడు బావులు. పదకొండేళ్ళపాటు నెలకోసారి ఒక్కో బావిలో టేపు దించి, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కొలిచి, ఇంటికొచ్చి ఎక్కించిన అంకెలు. తను పోయి ఈ రోజుకి డెబ్బై ఒక్క రోజులు.

సాయంత్రం ఆరింటికి అమ్మాయి ఫోను, రోజూలాగే. సర్వరు సంగతి చెప్పాను.

"అంటే ఆన్ అయినట్టా, కానట్టా నాన్నా?"

"సగం. లోపల చిప్పులో ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. డిస్కులు పనిచేయకపోయినా అది లేస్తుంది. తెరమీద 'ఓకే' అని రాసి ఊరుకుంటుంది. ఏవేం తగిలించి ఉన్నాయో చూడమంటే చూసి చెబుతుంది. నెట్‌వర్కు వినమంటే వింటుంది. అంతకుమించి దాని చేతిలో ఏమీ లేదు."

"అమ్మ కొలతలు?"

"డిస్కుల్లో ఉన్నాయి."

"నోటు పుస్తకాలన్నీ పాత కాగితాలవాడికి ఇచ్చేశావుగా."

"డిస్కుల్లో ఉన్నాయన్నాను కదమ్మా."

"సరే, సరే. తిన్నావా?"

తిన్నానని చెప్పాను.

మార్చి 4, బుధవారం

పొద్దున్నించీ "ఓకే" ముందు కూర్చున్నాను. మెమరీ ఎంతో అడిగితే సరిగ్గానే చెప్పింది. నెట్‌వర్కు చిరునామా అడిగితే వరసగా అన్నీ ఎఫ్‌లే చూపించింది. బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయింది. తేదీ కూడా మరిచిపోయింది. పెట్టె వెనక అంటించిన స్టిక్కరు చూసి చిరునామా నేనే కొట్టాను. కరెంటు తీసేదాకా గుర్తుంచుకుంటుంది.

తర్వాత డిస్కులు. ప్రోబ్-స్కసీ-ఆల్ అని కొడితే వెతుకుతుంది. వెతికేముందు ఒక మాట అడుగుతుంది: రీసెట్ చేయకుండా వెతికితే యంత్రం బిగుసుకుపోవచ్చు, కొనసాగించమంటావా, వై ఆర్ ఎన్. ఎన్ కొట్టాను. ముందు ఆటో-బూట్ అనేదాన్ని ఫాల్స్ చేసి, అప్పుడు రీసెట్ చేశాను. ఫాల్స్ చేయకుండా రీసెట్ కొడితే అది "ఓకే" దగ్గర ఆగదు, తనంతట తాను డిస్కు మీంచి లేస్తుంది. జబ్బు డిస్కుని లేవనివ్వకూడదు. ఈ పాఠం నేను నలుగురికి నేర్పాను.

మొదటి డిస్కు ఉంది. రెండోది లేదు.

ఏడేళ్ళ క్రితం ఈ జంట పెట్టింది నేనే. ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ అచ్చంగా పడుతుంది. అద్దం అంటాం మేము. అప్పుడు తను అడిగింది: "ఏమండీ, మీ పెట్టె నా బావుల్ని మింగెయ్యదు కదా?" ఒకటి మింగినా రెండోది కక్కుతుందిలే అన్నాను. నవ్వింది.

మధ్యాహ్నం నా పాత మెయిళ్ళు వెతికాను. సర్వరు తనే పంపిన హెచ్చరిక ఒకటి దొరికింది. రెండేళ్ళ కిందటి జనవరి: మొదటి డిస్కు జంట నుంచి తప్పుకుంది, ఇకనుంచి రాతలన్నీ రెండోదాని మీదే. అంటే ఆ జనవరి తర్వాత తను ఎక్కించిన ప్రతి అంకె రెండో డిస్కులో మాత్రమే ఉంది.

ఆ మెయిలు నేను చూడలేదు. అది తనని మొదటిసారి ఆసుపత్రిలో చేర్చిన వారం.

మార్చి 5, గురువారం

టేపు వచ్చింది. తన దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తున్న అమ్మాయి. బావిలో టేపు దించేది ఆమే కాబట్టి తను ఆ పేరు పెట్టింది. ఇప్పుడు ఆఫీసంతా అలాగే పిలుస్తుంది. ఎవరన్నా అసలు పేరుతో పిలిస్తే తిరిగి చూడదు.

"ముప్పై ఒకటిన బావుల రిపోర్టు వెళ్ళాలి సార్. మేడం పేరు మొదట వేస్తున్నాం. అంకెలు ఎప్పటికి దొరుకుతాయి?"

"తొమ్మిదేళ్ళవి బ్యాకప్ టేపుల మీద ఉన్నాయి. మిగతావి చూస్తున్నాను."

"ఆ మిగతావే కావాలి సార్."

కాగితం తీసి గీసి చూపించింది. మొదటి తొమ్మిదేళ్ళూ గీత దాదాపు నేలబారుగా నడుస్తుంది. పక్కన లోతు బోర్లు వేసి నీళ్ళు తోడడం మొదలుపెట్టాక, ఇరవై ఒక్క నెలల్లో, ముప్పై ఒక్క బావుల్లో గీత కిందికి జారిపోయింది. జ్ఞాపకంతో గీసింది. జ్ఞాపకం రిపోర్టులో వేయరు.

"ఇప్పుడు వెళ్ళి కొలిస్తే?"

"మొన్నటి వానలకి అన్నీ నిండిపోయాయి సార్. ఇప్పుడు చూసినవాళ్ళు ఏమైంది బావులకి, భేషుగ్గా ఉన్నాయిగా అంటారు. ఇంకో వంద బోర్లకి అనుమతి ఇస్తారు. ఎండిన రెండేళ్ళూ మేడం దగ్గరే ఉన్నాయి."

"నీ దగ్గర రాసుకున్నవేం లేవా?"

"నేను చెప్పేదాన్ని, మేడం రాసేవారు. మేడం పుస్తకాలు ఉన్నాయి కదా సార్ ఇంట్లో?"

లేవన్నాను. ఎందుకు లేవో అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

మార్చి 6, శుక్రవారం

బ్యాకప్ టేపులు పదహారు చదివించాను. రెండేళ్ళ కిందటి జనవరి తర్వాతివి ఖాళీ. టేపు యంత్రం రోజూ పొద్దున "పూర్తయింది" అని రాసేది. రాసిందాన్ని తిరిగి చదివించి సరిచూడడం నా పని. ఆ రోజుల్లో నేను ఆసుపత్రిలో ఉన్నాను. అందరికీ తెలుసు నేను ఆసుపత్రిలో ఉన్నానని.

మార్చి 9, సోమవారం

వైరుబాబాయ్‌ని పిలిచాను. నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఈ భవనంలో గోడల వెనక ఏ తీగ ఎటు పోతుందో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. రావడమే పెట్టె మీద తట్టాడు.

"ఏం గురూ, ముసలాణ్ణి మంచమెక్కించావట?"

"నెట్‌వర్కు వైపు చూడు బాబాయ్. పక్క సర్వరు మీంచి దీన్ని లేపాలి. డిస్కుల్ని ముట్టకూడదు. లేచాక రెండో డిస్కుని చదువుకుంటాను."

"రెండో డిస్కు కనబడుతోందా?"

"లేదు."

"పెళ్ళికూతురు లేదు గానీ పందిరి వెయ్యమంటావు. సరే."

వాచ్-నెట్ కొట్టాను. ఆ ఆజ్ఞకి యంత్రం ఏమీ పంపదు. తీగ మీద పోయేవాటిని వింటూ, బాగున్న ప్యాకెట్టుకి ఒక చుక్క, చెడినదానికి ఒక ఎక్స్ పెడుతుంది. నాలుగు చుక్కలకో ఎక్స్ వచ్చింది. బాబాయ్ కుర్చీ ఎక్కి, పైకప్పు పలక తీసి, దుమ్ములో తల దూర్చాడు.

"ఇప్పుడు?"

"ఎక్స్."

"ఇప్పుడు?"

"చుక్క. చుక్క. ఎక్స్."

"ఎలుక కొరికింది గురూ! దానికి మాత్రం తెలివి ఉంది, మంచి తీగే ఎంచుకుంది."

తీగ మార్చాక అన్నీ చుక్కలే. బాబాయ్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. నేను చూస్తూ కూర్చున్నాను. మొత్తం ఆఫీసు మాట్లాడుకుంటోంది, ఇది వింటోంది. ఆపడానికి ఏదో ఒక మీట నొక్కాలి. బాబాయ్ తిరిగొచ్చి తనే నొక్కాడు.

"చాల్లే. టీ తాగుదాం పద."

మార్చి 10

మొదటి డిస్కు ఉంది. రెండోది లేదు.

మార్చి 11

లేదు.

మార్చి 12, గురువారం

పదకొండుంబావుకి రెండో డిస్కు కనిపించింది.

రెండు వరసలు. కింద దాని కంపెనీ సంఖ్య. నేను ఏమీ చేయలేదు, ఎప్పటిలాగే రీసెట్ చేసి వెతకమన్నాను. పక్క సర్వరు మీంచి లేపబోయేలోగా పోయింది. నాలుగు నిమిషాలు ఉంది. మళ్ళీ ఇరవైసార్లు వెతికించాను. రాలేదు.

డిస్కు చావలేదు. దాన్ని పట్టుకున్న పెట్టెలో ఏదో వదులైంది. ఈ మాట టేపుకి ఫోన్ చేసి చెప్పాను. ఆ పిల్ల ఫోన్లోనే సంతోషంతో అరిచింది. చెప్పకుండా ఉండాల్సింది.

మార్చి 13, శుక్రవారం

బాబాయ్ పొద్దున్నే వచ్చాడు. మూతపడిన ఒక ప్రింటింగ్ ప్రెస్సు వాళ్ళ దగ్గర ఇదే రకం పెట్టె, పనిచేసేది, మూలన పడి ఉందట. ఇలాంటి పిన్నుల పళ్ళున్న డిస్కు పట్టే పెట్టె చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు.

"ఇరవై మూడు, సోమవారం. వాళ్ళ బండిలో వస్తుంది. అందులో నీ రెండోదాన్ని పెట్టి కాపీ తీసుకుందాం. గంట పని."

"పది రోజులు."

"పది రోజుల్లో కొంపేం మునగదు. అప్పటిదాకా దీన్ని ఆపెయ్యి. ముట్టుకోకు. రోజూ గిల్లితే ఉన్నది కూడా పోతుంది."

ఆపేస్తే బ్యాటరీ లేదు కనక మళ్ళీ అన్నీ మరిచిపోతుందన్నాను.

"మరిచిపోతే మళ్ళీ చెబుదువుగానిలే. గురూ, నా మొహం చూడు. ముట్టుకోకు."

సరేనన్నాను. ఆపలేదు.

మార్చి 15, ఆదివారం

ఇంట్లో పని లేదు. బట్టలు ఉతికాను. స్నానాలగదిలో తడి బట్ట ఆరేసే కడ్డీ మీద తన కొలత టేపు వేలాడుతోంది. బావుల నుంచి రాగానే దాన్ని సబ్బుతో కడిగి ఆ కడ్డీ మీద మడతలు మడతలుగా వేసేది. నా తువ్వాలుకి చోటుండేది కాదు. దానిమీద ఎన్నోసార్లు గొడవ పడ్డాను.

తువ్వాలు కుర్చీ మీదే ఆరేశాను.

మార్చి 16

లేదు.

మార్చి 17

లేదు. మధ్యాహ్నం ఒకసారి వచ్చి పోయింది. అరనిమిషం.

మార్చి 18, బుధవారం

అమ్మాయి: "నాన్నా, ఆ గదిలో రోజంతా ఏం చేస్తున్నావు? బాబాయిగారు ఫోన్ చేశారు నాకు."

"చూస్తున్నాను."

"ఏం చూస్తున్నావు?"

"ఉందో లేదో."

 "సోమవారం దాకా ఇక్కడికి రా. ఊరికే నాలుగు రోజులు. నీ మనవరాలికి సైకిలు నేర్పు" అంది. పని ఉందన్నాను.

మార్చి 19

లేదు.

మార్చి 20, శుక్రవారం

ఈ రోజు ఏమీ జరగలేదు.

మార్చి 21, శనివారం

రిజిస్టరులో రాశాను: "రెండో డిస్కు యాంత్రిక లోపం వల్ల పనికిరాకుండా పోయింది. సమాచారం తిరిగి రాబట్టడం సాధ్యం కాదు." సంతకం పెట్టాను.

టేపు వచ్చి నిలబడే చదివింది. కళ్ళు తుడుచుకుని, "మీరు చెయ్యగలిగినంతా చేశారు సార్. మేడం ఉంటే అదే అనేవారు" అంది.

పాత డిస్కులు పోతాయి. వాటి ఆయుష్షు ఐదేళ్ళు. ఏడేళ్ళు పనిచేసింది.

మార్చి 22

వాటి ఆయుష్షు ఐదేళ్ళు.

మార్చి 23, సోమవారం

పెట్టె వచ్చింది. ఎందుకులే బాబాయ్, పోయిందిగా అన్నాను. వచ్చిన పెట్టెని ఖాళీగా పంపేదేముంది, ఒకసారి పెట్టి చూద్దామన్నాడు. రెండో డిస్కుని పీకి అందులో తోశాడు. పచ్చదీపం వెలిగింది. మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఒక్క తప్పు లేకుండా చదివింది.

బావుల ఫైలు తెరిచాడు. చివరి వరస రెండేళ్ళ కిందటి జనవరిది.

బాబాయ్ ఆ ఫైలు మూసి ఇంకోసారి తెరిచాడు.

"గురూ, ఈ డిస్కుకి ఏ రోగమూ లేదు."

బాబాయ్ ఆఖరి తేదీ మీద వేలు పెట్టాడు.

"దీనిమీద మొదటిదాన్ని కాపీ కొట్టారు ఎవరో. ముసలాడు లేచాడా మధ్యలో?"

"లేచింది."

"ఎప్పుడు?"

"శుక్రవారం."

"రీసెట్ కొట్టేముందు ఆటో-బూట్ ఆపలేదా?"

"మరిచిపోయాను బాబాయ్."

బాబాయ్ ఇంకా పెట్టుకోవడం మొదలెట్టని కొత్త కళ్ళజోడు జేబులోంచి తీసి, తుడిచి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. "మనిషన్నాక మరిచిపోతాడు" అన్నాడు. నా భుజం తట్టాడు. పెట్టెని ప్రెస్సు వాళ్ళకి తిరిగి పంపడానికి తాడు కట్టాడు.

మార్చి 24

మరిచిపోయాను. పదిహేడు రోజులు ఒకే పని. ఒకరోజు ఒక్క ఆజ్ఞ మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది.

మార్చి 26, గురువారం

మరిచిపోలేదు.

ఆటో-బూట్ మార్చి నాలుగునుంచీ ఫాల్స్‌లోనే ఉంది. కరెంటు తీయలేదు కనక అది దేన్నీ మరిచిపోలేదు. ఇరవయ్యో తారీఖు పదకొండింటికి దాన్ని ట్రూ చేసింది నేను. నా వేళ్ళతో, అక్షరం అక్షరం. తర్వాత రీసెట్ కొట్టాను.

మూడు రోజులు ఆగితే పెట్టె వస్తుందని తెలుసు. ఆగలేకపోయాను. "ఓకే", "ఓకే", "ఓకే". అడిగినదానికి జవాబు చెబుతుంది, లేవదు. మొదటి డిస్కు మీంచి ఎలాగూ లేవగలదు, లేచాక రెండోది అప్పుడప్పుడూ కనబడుతూనే ఉందిగా, కనబడ్డప్పుడు పట్టుకుంటాను అనుకున్నాను. అలా అనుకున్నానని ఇప్పుడు రాస్తున్నాను. ఆ క్షణంలో ఏమీ అనుకోలేదు. లేస్తే చూడాలనిపించింది, అంతే.

లేచింది. వరసలు పైకి పరిగెత్తాయి. అన్నీ గుర్తున్న వరసలే. పేరు అడిగే దగ్గరికొచ్చి ఆగింది. ఐదు నిమిషాలకి రెండో డిస్కు కూడా కనిపించింది. అద్దం సరిచేస్తున్నాను, ఒక శాతం అని రాసింది.

అప్పుడు తీగ పీకి ఉంటే కొంతైనా మిగిలేది. పీకలేదు. రెండోది మొదటిదాని మీదకి కాపీ అవుతోందనుకున్నాను. కొత్తది పాతదాని మీదకి కదా వెళ్ళాలి. కానీ లేచినప్పుడు రెండోది లేదు, మొదటిది ఒక్కటే ఉంది. సర్వరు లెక్కలో, ఏ డిస్కు మీంచి లేచిందో అదే అసలు, తర్వాత వచ్చినది నకలు. ఈ సంగతి తెలిసిన మనిషి ఈ భవనంలో ఒక్కడే ఉన్నాడు. వాడు కుర్చీలో కూర్చుని శాతాలు చదువుకుంటున్నాడు. ఇరవై. నలభై. డెబ్బై. యాభై నిమిషాలు. తను పోయాక నేను సంతోషంగా ఉన్న సమయం అదే. వంద అయ్యాక ఫైలు తెరిచాను.

ఇంకొకటి. డిసెంబరులో డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, ఆపరేషన్ చేస్తే తట్టుకోకపోవచ్చు, చేయకపోతే ఎన్నాళ్ళో చెప్పలేం, మీరే చెప్పాలి అంది. రెండు రోజులు ఆగి చూద్దామన్నాను. రెండో రోజు మధ్యాహ్నం తను పోయింది. ఆగి చూద్దామన్నది నేనే. అమ్మాయికి డాక్టరే ఆగమందని చెప్పాను.

ఆ మెయిలు కూడా చూశాను. రెండేళ్ళ కిందటి జనవరిది. ఆసుపత్రి వరండాలో ఫోన్లో తెరిచాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

మార్చి 27

టేపుని రమ్మన్నాను. సెలవులో ఉందట.

మార్చి 28, శనివారం

చెప్పాను. తన గదిలో, తన బల్ల దగ్గర. ఇప్పుడది టేపు బల్ల. కూర్చోమన్నా కూర్చోలేదు.

మొదట అర్థం కాలేదు. "లోపం అన్నారు కదా సార్" అంది. కాదు, నేనే లేపానన్నాను. పెట్టె సోమవారం వస్తుందని తెలిసి శుక్రవారం లేపానన్నాను.

"మూడు రోజులు సార్!"

"అవును."

"మూడు రోజులు ఆగలేకపోయారా? ముప్పై ఏడో బావి మీకు తెలుసా? గట్టు దిగితే నాలుగు ఫర్లాంగులు నడవాలి. పోయిన ఆగస్టులో మేడం నా భుజం పట్టుకుని నడిచారు. ఐదుచోట్ల కూర్చున్నారు. ఈ ఒక్కదానికి నేను వెళ్ళొస్తాను మేడం అంటే, 'నువ్వు చెబితే నేను రాయాలి, నేను చూడంది నేను రాయను' అన్నారు. పదిహేడు మీటర్ల నలభై. అది నాకు గుర్తుంది. ఒక్కటే గుర్తుంది. మిగతావన్నీ మీరు..."

బల్ల సొరుగు లాగి చూసి, మూసింది.

"నోటు పుస్తకాలు ఏం చేశారు?"

అదీ చెప్పాను.

"మిమ్మల్ని ఏమనాలో కూడా తెలియడం లేదు సార్. మీకు ఒంట్లో బాగుండలేదని అందరూ అంటున్నారు. నాకు మాత్రం బాగుందా?"

తలుపు మెల్లగా వేసి వెళ్ళింది. గట్టిగా వేసి ఉండాల్సింది.

మార్చి 29, ఆదివారం

అమ్మాయికి డాక్టరమ్మ సంగతి చెప్పాను.  "రేపు చేస్తా నాన్నా" అంది.

మార్చి 30, సోమవారం

అమ్మాయి ఫోన్ చేయలేదు.

డైరెక్టరుగారు పిలిచారు. రిపోర్టు అచ్చయి బల్ల మీద ఉంది. ఉన్న తొమ్మిదేళ్ళ కొలతలూ, వానల తర్వాత టేపు తీసిన కొలతలూ కలిపి వేశారు. తేలిన విషయం ఒక్క వాక్యం: "బావుల నీటి మట్టంలో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు." అట్ట మీద మొదట తన పేరు, నల్లటి గీతల మధ్య.

"ఆవిడకి మనం చేయగలిగిన గౌరవం ఇదేనండి" అన్నారు.

టేపు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మేడం పేరు తీసెయ్యండి సార్. నీళ్ళు తగ్గలేదని మేడం చెప్పలేదు. తగ్గాయని చెప్పారు. చెప్పడానికే పోయేముందు దాకా తిరిగారు."

"చూడమ్మా, సాక్ష్యం లేనిదే..."

"సాక్ష్యం లేదనే అంటున్నాను. పేరు కూడా ఉండకూడదు."

డైరెక్టరుగారు నా వైపు తిరిగారు. భర్తగా మీరు అభ్యంతరం చెబితే తీసేస్తాను, రాసివ్వాలి అన్నారు. పదకొండేళ్ళలో తన పేరు అచ్చులో పడింది ఈ అట్ట మీదే. అదీ నిన్న.

కాగితం అడిగాను. రాసిచ్చాను.

మార్చి 31, మంగళవారం

అరవై ప్రతులకి పొద్దున్నే అట్టలు మార్చారు. పేరున్నచోట ఇప్పుడు సంస్థ పేరు ఒక్కటే.

ఇరవై రెండో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో: "సాంకేతిక కారణాల వల్ల ఇరవై ఒక్క నెలల కొలతలు లభించలేదు." డైరెక్టరుగారు రాసింది. దాన్ని మార్చమని అడిగాను. అచ్చయిపోయింది, మళ్ళీ వేయించలేం, మీరు చేత్తో దిద్దుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు, ఎవరూ చదవరండి అన్నారు. అది నిజమే.

పొడుగు బల్ల మీద ప్రతులు పేర్చుకుని కూర్చున్నాను. "సాంకేతిక కారణాల వల్ల" కొట్టేసి, పైన రాశాను: "సర్వరు నిర్వాహకుడు తెలిసి చేసిన పని వల్ల. ఆ నెలల్లో నీళ్ళు తగ్గాయి." ఒక్కోటీ రాసి అవతలికి జరిపితే బాబాయ్ కవర్లో పెట్టి అంటిస్తున్నాడు. పది అయ్యాక టేపు వచ్చింది. మాట్లాడకుండా ఎదురు కుర్చీలో కూర్చుని ప్రతులకి ఇరవై రెండో పేజీ తెరిచి నా ముందుకి తోయడం మొదలుపెట్టింది. బాబాయ్ ఏదో జోకు వేయబోయి, మా ఇద్దరినీ చూసి మానుకున్నాడు.

నలభై అయ్యాయి. వేళ్ళు పట్టేశాయి. టేపు నలభై ఒకటోదాన్ని తోయకుండా చేత్తో పట్టుకుని ఉంది.

"సర్వరు నిర్వాహకుడంటే ఎవరో చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుంది సార్?" అంది. "పేరు రాయండి."

రాశాను. బాబాయ్ అంటించిన నలభై కవర్లనీ వెనక్కి తీసుకుని, కత్తెర అడిగాను.